రంగు సంగతి తర్వాత, ముందు గోడ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటి పేజీలో వినైల్ లాగ్ సైడింగ్ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి కోపంగా. వ్యాసం నిండా రంగులే. దేవదారు రంగు, వాల్‌నట్ రంగు, ఏళ్ల తరబడి ఎండావానలకి వెలిసిపోయిన పాత దుంగ రంగు. ఏ తలుపుకి ఏది నప్పుతుందో కూడా చెప్పారు. చివర్లో మాత్రం ఒక్క మాట: వేయించుకుంటే ఇక ఆ గోడ సంగతే మరిచిపోవచ్చట. సరిగ్గా ఆ మాట నమ్మే మేమూ వేయించాం. మూడేళ్లయింది. మరిచిపోయిన రోజు ఒక్కటి లేదు.

ఈ పేరు కొత్తగా వింటున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. దుంగలు పేర్చి కట్టిన ఇల్లులా కనబడాలని గోడకి బయటివైపు తగిలించే ప్లాస్టిక్ పలకలు ఇవి. మామూలు వినైల్ సైడింగ్ చెక్క పలకల వరసలా చదునుగా ఉంటుంది. ఇది నిలువునా చీల్చిన దుంగని గోడకి ఆనించినట్టు ఉబ్బుగా, గుండ్రంగా ఉంటుంది. పైన చెక్క గీతలు, ముళ్లు అచ్చుపోసి ఉంటాయి. వీధిలోంచి చూస్తే దుంగే. దగ్గరికెళ్లి వేలితో కొడితే డొల్ల చప్పుడు. పలక మందం ఒక మిల్లీమీటరు, అటూ ఇటూ.

నేను ఇంజనీరుని కాను. రైల్వేలో పట్టాల పనిలో 34 ఏళ్లు ఉండి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మా అమ్మాయి, అల్లుడి దగ్గర ఉంటున్నాను. ఇంతకుముందు ఈ ఇంటికి అసలు చెక్కతో చేసిన లాగ్ సైడింగే ఉండేది. అందం మాటకొస్తే దానికి సాటి లేదు, వానకి తడిస్తే వాసన కూడా బాగుండేది. కానీ నాలుగేళ్లకోసారి గీకి, కడిగి, మళ్లీ స్టెయిన్, అంటే చెక్కకి పట్టించే రంగు, వేయాలి. వడ్రంగిపిట్టలు పొడిచేవి, తుమ్మెదలు తొలిచేవి. మా అల్లుడు నిచ్చెన మీద ఉన్నంతసేపూ కింద నిచ్చెన పట్టుకుని నేను, నన్ను పట్టుకుని మా అమ్మాయి టెన్షన్. ఇక మా వల్ల కాదని వినైల్ వైపు మళ్లాం. ఆ నిర్ణయం తప్పని ఈ రోజుకీ అనను. ఎంచుకున్న పద్ధతే తప్పు.

షాపులో, ట్యూబ్‌లైటు కింద, అరచేయంత శాంపిల్ ముక్కలు ముందేసుకుని గంటన్నర కూర్చున్నాం. అందులో అన్నిటికన్నా ముదురు గోధుమరంగు నచ్చింది. అమ్మాయికి నచ్చింది, అల్లుడికి నచ్చింది, నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. ఏ గోడకి ఎంత ఎండ పడుతుంది, ఎదురుగా ఏముంది, పాత గోడ పరిస్థితి ఏమిటి, మేకు కొట్టేదెవరు అన్న ప్రశ్నలు ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ తర్వాత మూడేళ్లూ అవే ప్రశ్నలతో సరిపోయింది.

మొదటి వేసవికే పడమటి గోడ అలలు తేలింది. ఉదయం చూస్తే తిన్నగానే ఉండేది. మధ్యాహ్నం మూడయ్యేసరికి దుంగలు ఉబ్బి, పొంగి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు కనబడేవి. సాయంత్రానికి కొంత సర్దుకునేవి. అల్లుడు సరుకు నాసిరకమన్నాడు. పని చేసినవాళ్లు ‘ముదురు రంగు కదండీ, ఎండకి అంతే’ అని చేతులు దులుపుకున్నారు. నాకు మాత్రం ఆ గోడని చూడగానే పట్టా గుర్తొచ్చింది.

పట్టాల పనివాడికి మొదటి రోజే చెప్పే పాఠం ఒకటుంది. ఇనుము ఎండకి సాగుతుంది, దానికి చోటు వదలాలి. 13 మీటర్ల పట్టా 50 డిగ్రీల వేడి పెరిగితే ఏడెనిమిది మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే రెండు పట్టాల కొసల మధ్య సందు ఉంచి, ఆ రెండిటినీ కలిపే ఇనుప పట్టీ, ఫిష్‌ప్లేటు బిగిస్తాం. (పొడవాటి వెల్డింగ్ పట్టాల లెక్క వేరు, అదిక్కడ వద్దు.) ఆ సందు లేకపోతే ఎండాకాలం మధ్యాహ్నం పట్టా పాములా మెలికలు తిరుగుతుంది. అది నా కళ్లతో చూశాను. ఇక వినైల్ సంగతి. కాగితం తీసుకుని లెక్కేశాను. 12 అడుగుల పలక, అంటే పట్టాలో మూడో వంతు కూడా లేని పొడవు, అదే 50 డిగ్రీలకి దాదాపు 11 మిల్లీమీటర్లు సాగుతుంది. చలికాలం తెల్లవారుజాముకీ వేసవి మధ్యాహ్నానికీ ముదురు రంగు గోడ మీద 50 డిగ్రీల తేడా ఏ మూలకి! అంత సాగే వస్తువుని గోడకి దిగ్గొడితే అది ఎటు పోతుంది? పక్కకి పోలేక ముందుకి పొంగుతుంది.

మర్నాడు అల్లుడి చేత జిప్ టూల్ తెప్పించాను. కొస కాస్త వంగి, కొక్కెంలా ఉండే చిన్న ఇనుప పనిముట్టు అది. పై పలక కింది అంచులో దూర్చి, కిందికి లాగి, అలాగే పక్కకి జరుపుకుంటూ పోతే చొక్కా జిప్పు ఊడినట్టు పలక ఊడి వస్తుంది. లోపల కింది పలక పైఅంచు కనబడింది. ఆ పట్టీలో మేకుల కోసం వరసగా పొడవాటి కంతలుంటాయి. గుండ్రటి చిల్లులు కావు, అడ్డంగా సాగదీసిన కంతలు. కంతని అలా చేసిందే పలక అటూ ఇటూ జరగడానికి. మేకు కంతకి సరిగ్గా నడిమధ్య పడాలి, దాని తలకీ పట్టీకీ మధ్య పల్చటి నాణెం దూరేంత సందు ఉండాలి. మా గోడకి కొట్టిన మేకులు? ఒకటి కంత ఎడమ కొసని, ఇంకొకటి కుడి కొసని, మూడోది కంతే కాని చోట పట్టీని చీల్చుకుని. అన్నీ తల మునిగేదాకా దిగ్గొట్టినవే. మేకు తల దిగిన చోటల్లా ప్లాస్టిక్ సొట్టపడి తెల్లబారింది. ఇంత బలంగా కొట్టినవాడు మంచి పనివాడే అయ్యుంటాడు, వేరే ఏ పనికైనా.

మీ వ్యాసం చెప్పకుండా వదిలేసిన సంగతి అదే. వినైల్ సైడింగ్‌ని గోడకి బిగించరు, వేలాడదీస్తారు. కొయ్యకి చొక్కా తగిలించినట్టు. పని అయ్యాక పరీక్ష కూడా చాలా తేలిక: పలక మీద రెండు అరచేతులూ ఆనించి పక్కకి తోయండి. కాస్త అటూ ఇటూ జరిగితే పని సరిగ్గా చేసినట్టు. కదలకపోతే డబ్బులు ఇవ్వకముందే అడగండి. అలాగే మూలల దగ్గర, కిటికీల పక్కన పలక కొస దూరే గాడిలో ఆరు మిల్లీమీటర్ల సందు వదలాలి. గడ్డకట్టే చలిలో పని చేస్తుంటే తొమ్మిది, పది దాకా. చలికి ముడుచుకుని ఉన్న పలక తర్వాత సాగుతుంది కదా. పట్టాలకీ ఇదే లెక్క. పట్టా వేసేటప్పటి వేడి చూసుకునే సందు ఎంతో నిర్ణయిస్తాం.

పడమటి గోడ మొత్తం విప్పి మేకులు సరిచేయడానికి నాకూ అల్లుడికీ ఐదు శనివారాలు పట్టింది. రెండు పలకలు పనికిరాకుండా పోయాయి, మిగతావి తిన్నబడ్డాయి. నేను రైల్వేలో ఏం చేసేవాణ్ణో మా అల్లుడికి అర్థమైంది ఆ ఐదు శనివారాల్లోనే అనుకుంటా.

రెండో కథ ఉత్తరపు గోడది. ఎండకీ ఆ గోడకీ సంబంధమే లేదు, ఏడాదిలో చాలా రోజులు నీడలోనే ఉంటుంది. అలాంటి గోడ కరిగింది! అదీ చలికాలంలో. నడుము ఎత్తులో రెండడుగుల పొడవున ఒక ఏటవాలు మచ్చ. అక్కడ దుంగల ఉబ్బు దిగజారి, చెక్క గీతలు సాగి, కొవ్వొత్తి పక్కన కారిన మైనంలా తయారైంది. ఎవరో నిప్పు పెట్టారేమో అని కూడా అనుమానపడ్డాం. పాపం, ఎవరి మీదో అనుమానపడినందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాకు పనేముంది? కుర్చీ వేసుకుని, సుద్దముక్క పట్టుకుని ఆ గోడ ముందు కూర్చున్నాను. పదకొండున్నర దాటాక గోడ మీద ఒక వెలుగు ముక్క పడింది. మామూలు వెలుగు కాదు, మధ్యలో కళ్లు చెదిరేంత తెలుపు. పావుగంటకోసారి దాని చుట్టూ సుద్దతో గీశాను. అది మెల్లగా తూర్పుకి జరుగుతూ పన్నెండుంపావుకి సరిగ్గా కరిగిన మచ్చ మీదికొచ్చింది. అరచెయ్యి పెట్టి, మూడు లెక్కపెట్టేలోపు తీసేశాను. వెనక్కి తిరిగి చూస్తే పక్కింటివాళ్ల కిటికీ. ఆ ముందు వానాకాలంలోనే కొత్తగా పెట్టించుకున్నారు.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, ఈ కాలపు కిటికీల్లో రెండు అద్దాలుంటాయి, మధ్యలో గాలో వాయువో నింపి సీలు చేస్తారు. లోపలికి వేడి రానివ్వకుండా అద్దానికి పల్చటి పూత ఉంటుంది, అది వేడిని బయటికే తిప్పికొడుతుంది. చలికి లోపలి వాయువు కుంచించుకుపోతే అద్దాలు రెండూ లోపలికి కాస్త గుంటపడతాయి. కంటికి కనబడనంత గుంటే, కానీ అద్దం పుటాకార దర్పణమైపోతుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే, ఎండనంతా ఒకచోటికి పోగేసి ఎదుటి గోడ మీద వేస్తుంది. వినైల్ సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడటం మొదలెడుతుంది. పూర్వం 1872లో ఆయిగెన్ బౌమన్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు వినైల్ క్లోరైడు ఉన్న గాజు బుడ్డి ఎండలో ఉండిపోతే అందులో తెల్లటి గట్టి పదార్థం పేరుకోవడం గమనించాడట. ఆ పదార్థమే పీవీసీ, అంటే ఈ వినైల్. ఎండలో పుట్టిన వస్తువే ఎండకి లొంగిపోయింది!

వారంటీ కాగితం తీశాం. కిటికీ అద్దాల మీంచి తిరిగొచ్చే వేడి వల్ల జరిగే నష్టం మాది కాదని చిన్న అక్షరాల్లో ఉంది. ఒక్క కంపెనీ అని కాదు, చాలా కంపెనీల కాగితాల్లో ఈ షరతు ఉంటుంది. కొనేముందు చదువుకోండి. పక్కింటివాళ్లు మంచివాళ్లు. సుద్ద గీతలు చూపించి చెబితే నవ్వి, కిటికీకి బయటివైపు పూర్తిగా దోమల జాలీ బిగించారు. జాలీ వల్ల ఆ వెలుగు చెదిరిపోతుంది. మరుసటి చలికాలం మచ్చ పెరగలేదు. అదే వాళ్లు ఒప్పుకోకపోతే మొక్కలో, పందిరో అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది. ఇంకొక మాట, బయట గ్రిల్ పెట్టుకుని వండుకునేవాళ్లు గోడకి బాగా దూరంగా పెట్టుకోండి. గ్రిల్ వెనక కరిగిన సైడింగ్ మా వీధిలోనే రెండిళ్లలో చూశాను.

ఇక మూడోది నేను చేసిన తప్పు. దీని గురించి ఇంట్లో ఇప్పటికీ వేళాకోళం నడుస్తుంది. ప్రతి పలక కింది అంచులో వరసగా చిన్న చిల్లులు కనబడ్డాయి. పురుగులు దూరతాయేమో, నీళ్లు పోతాయేమో అని ఒకరోజు ఎవరూ లేనప్పుడు సిలికాన్ ట్యూబ్ తీసుకుని వంటింటి కిటికీ కింద వరసలన్నీ ఓపిగ్గా మూసేశాను. చాలా నీటుగా చేశానని సంతోషపడ్డాను కూడా. అవి నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన చిల్లులు!

వినైల్ సైడింగ్ వాననంతా ఆపదు. గాలివానకి కొంత నీరు వెనక్కి పోతుందని దాన్ని చేసినవాళ్లకే తెలుసు. అసలు కాపలా దాని వెనక గోడ చెక్కకి చుట్టే, నీరు చొరనివ్వని హౌస్ ర్యాప్ షీటుదీ, కిటికీల పైనా పక్కలా నీటిని మళ్లించడానికి పెట్టే పట్టీ, ఫ్లాషింగ్‌దీ. వాటి మీదుగా జారిన నీరు ఆ చిల్లుల్లోంచి బయటపడాలి. మా పడమటి గోడ విప్పినప్పుడే వంటింటి కిటికీ కింద కూడా చూశాం. స్క్రూడ్రైవర్ కొస ఆనిస్తే వెనకున్న చెక్కలోకి వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. నల్లగా, బూజు వాసన. నా సిలికాన్ ఒక్కటే కారణం కాదు. హౌస్ ర్యాప్ పై షీటు కింది షీటు మీదికి రావాలి, పెంకులు పేర్చినట్టు. మా పనివాళ్లు దాన్ని తిరగేసి, పై షీటుని కింది షీటు లోపలికి దోపారు. జారిన ప్రతి చుక్కా నేరుగా చెక్కలోకే పోయింది. నిగనిగలాడే దుంగల వెనక గోడ కుళ్లుతుంటే బయటికి ఆనవాలే లేదు. పాత చెక్క సైడింగ్ అయితే రంగు మారేది, ఉబ్బేది, ముందే చెప్పేది. ప్లాస్టిక్ చెప్పదు. అందుకే పాత గోడ మీదే వేసేద్దాం, ఖర్చు కలిసొస్తుంది అనేవాళ్ల మాట వినకండి. ముందు పాత గోడని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, ముఖ్యంగా కిటికీల కింద, నేలకి దగ్గరగా ఉన్న చోట.

పలకలు ఎంచుకోవడం గురించి కూడా నాలుగు మాటలు, ఎందుకంటే ఇది రాస్తుంటే మా అమ్మాయి భుజం మీంచి చదువుతూ ‘అన్నీ భయపెట్టేవే రాస్తున్నావు నాన్నా’ అంటోంది. ఉబ్బు ఉన్న పలక కాబట్టి వెనక డొల్లగా ఉంటుంది, బంతి తగిలితే సొట్టపడుతుంది, గడ్డకట్టే చలిలో గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. వీలైతే ఆ ఉబ్బుకి సరిపడేలా వెనక ఫోమ్ అతికించిన రకం తీసుకోండి. గోడ నిండుగా కనబడుతుంది, తడితే డొల్ల చప్పుడూ తగ్గుతుంది. పెట్టె మీద ఏఎస్‌టీఎమ్ డీ 3679 అని ఉందో లేదో చూడండి, వినైల్ సైడింగ్‌కి ఏఎస్‌టీఎమ్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం అది. రెండు పలకలు కలిసేచోట ఒకదాని మీద ఒకటి అంగుళం మేర ఎక్కుతాయి. చదును పలకల్లో అంతగా తెలియదు కానీ దుంగ ఉబ్బు మీద ఆ అతుకు మెట్టులా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మీరు రోజూ నడిచొచ్చే వైపు నుంచి అతుకు నోరు కనబడకుండా వేయమనండి. పైవరస అతుకు కిందే కిందివరస అతుకు రాకూడదు. వస్తే నిచ్చెన మెట్లలా ఉంటుంది, దుంగల ఇల్లు అనే భ్రమ అక్కడితో సరి. చెక్క గీతల అచ్చు కూడా చూసుకోండి. మా పలకల్లో ప్రతి దుంగకీ ఒకేచోట ఒకటే ముడి ఉంది. ఒకసారి కంటపడ్డాక ఇక అదే కనబడుతుంది, నన్ను అడగండి.

అన్ని పెట్టెలూ ఒకే లాటులోవి, అంటే ఒకే విడతలో తయారైనవి తీసుకుని, ఒక పెట్టె అదనంగా దాచుకోండి. అయితే దాచిన కొత్త పలక వెలిసిన గోడకి కలవదు, ముందు వాకిట్లో వేస్తే అతుకు బట్టలా ఉంటుంది. మేమేం చేశామంటే, కరిగిపోయిన పలకల స్థానంలో పెరటి వైపు పలకలు విప్పి తెచ్చి వేశాం. కొత్తవి పెరట్లోకి పోయాయి. అక్కడ చూసేది నేనూ, పిల్లీ.

నిప్పు గురించి కూడా వ్యాసంలో లేదు. పీవీసీలో బరువులో సగానికి పైగా క్లోరిన్ ఉంటుంది కాబట్టి తేలిగ్గా అంటుకోదు, నిజమే. కానీ వేడికి కరిగి జారిపోతుంది. జారాక వెనకున్న చెక్క బయటపడుతుంది. కాలినప్పుడు వచ్చే పొగ ఘాటు ఆమ్లం. కార్చిచ్చు భయం ఉన్న చోట ఉండేవాళ్లు దుంగ అందం కావాలంటే ఉక్కుతో చేసిన లాగ్ సైడింగ్ చూసుకోవడం మేలు. సొట్టలు పడుతుంది, కానీ కరగదు.

ఇంత రాశాక కూడా ఒకటి ఒప్పుకోవాలి. మా తూర్పు గోడకి మూడేళ్లలో ఏమీ కాలేదు. గొట్టంతో నీళ్లు పట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. స్టెయిన్ వేయడానికి అల్లుడు నిచ్చెనెక్కి మూడేళ్లయింది, మా అమ్మాయి టెన్షన్ తగ్గింది. సరైన గోడకి, సరైన మేకుతో, వెనక ఆరోగ్యంగా ఉన్న చెక్క మీద వేస్తే వినైల్ లాగ్ సైడింగ్ చెడ్డది కాదు.

ఇప్పుడు గ్యారేజీ వంతు వచ్చింది. దాని పడమటి వైపు నీడ లేదు. ముదురు గోధుమరంగే వేద్దాం, ఇంటికి కలుస్తుంది అంటుంది అమ్మాయి. ఈసారి నేను షాపుకెళ్లి రెండు పూర్తి పలకలు తెచ్చాను, ఒకటి ముదురుది, ఒకటి లేత ఇసుకరంగుది. రెండింటినీ ఆ గోడకే, కంతల నడుమ మేకు పెట్టి వేలాడదీశాను. రోజూ మూడింటికి థర్మామీటర్ ఆనించి పక్కనే సుద్దతో అంకె రాస్తున్నాను. పదకొండు రోజులైంది. వేడిలో ముదురుది ఒక్కరోజు కూడా ఓడలేదు. అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు, కానీ నిన్న మూడింటికి నాకంటే ముందే తనే వెళ్లి చెయ్యి పెట్టి చూసింది.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత రైల్వే ఉద్యోగి